నెర్రెల అంచు

ఆదోని బట్టల బజారులో ఏ దుకాణంలో అడిగినా గంగ అంచు చీర తీసి చూపిస్తారు. నేను అడగను. అడిగితే నా నోరు ఊరుకోదు. "దీని పేరు అది కాదు నాయనా" అని మొదలుపెడతాను. కొనేదుంటే ముందుకు రా, లేకుంటే పక్కకు జరుగు అంటారు వాళ్లు. ఒకసారి అనిపించుకున్నాను కూడా.

దాని పేరు నెర్రెల అంచు. ఆ పేరు పెట్టింది మా ఆయన, అంచును కట్టింది మా ఆయన. గంగకూ దానికీ ఏ సంబంధమూ లేదు. గంగ లేకపోవడంలోనే అది పుట్టింది.

అప్పుడు మేం ఎమ్మిగనూరులో ఉండేవాళ్లం. మా నేతగాళ్ల వీధి చివర సావుకారు మగ్గాల షెడ్డు ఉండేది. మా ఆయన అందులో కూలి నేత నేసేవాడు. కూలి నేత అంటే మగ్గం సావుకారుది, నూలు సావుకారుది, రంగు సావుకారుది, చేతులు మాత్రం మనవి. నేను ఇంట్లో రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేదాన్ని.

సావుకారు మా కులంవాడే. చెడ్డవాడని రాయాలని నాకు చాలా ఉంది కానీ రాస్తే అబద్ధమవుతుంది. కరువులో చుట్టుపక్కల మగ్గాలు మూలనపడ్డా ఆయన తన షెడ్డు మూయలేదు. నాకు చలిజ్వరం వస్తే మాత్రలు పంపాడు. మా ఆయనను నోరారా 'తమ్ముడా' అని పిలిచేవాడు. చెడ్డవాడై ఉంటే నాకు ఎంత సుఖంగా ఉండేది! ఇన్నేళ్లుగా తిట్టుకోవడానికి ఇంత ఆలోచించాల్సిన పని ఉండేది కాదు.

వరుసగా వానలు ఎగ్గొట్టిన కాలం అది. ఆ ఎండాకాలం ఆలూరు దగ్గర మా పుట్టింటి పల్లెకు పోయాం. మా నాయన సగం రైతు, సగం నేతగాడు. ఆ ఏడు చేనూ లేదు, నేతా లేదు. బస్సు దిగాక రేగడి చేలలో అడ్డంపడి నడవాలి. నేల అంతా నెర్రెలు విచ్చి ఉంది. కాలు చూసి వేయకపోతే మడమ లోపలికి దిగిపోతుంది. నేను ముందు నడుస్తున్నాను. కొంత దూరం పోయి వెనక్కి చూస్తే మా ఆయన చేను మధ్యలో గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఏం పారేసుకున్న్యావు? ఎండ మాడగొడతాంది, రా!" అని అరిచాను.

"ఏమీ పోలేదుమే. ఈడికొచ్చి సూడు."

"ఏం సూసేది? కరువు కనపడతాంది."

"ఒక్క నెర్రెన్నా ఊరికే నిలిసిపోయిందేమో సూడు. యాడికి పోయినా ఇంకోదాన్ని పట్టుకుంటాది. ఎవురో కూసోని అల్లినట్ల లేదూ?"

నాకు ఒళ్లు మండిపోయింది. "మా నాయన కడుపు కాలతాంటే నీకు ఈడ అంచు కనపడిందా?" అన్నాను. ఆయన సిగ్గుపడ్డాడు. కానీ లేవలేదు. నేను నెత్తిన మూటతో ఎండలో నిలబడే ఉన్నాను.

అమావాస్య నాడు మా వాళ్లు మగ్గం ముట్టుకోరు. ఆ రోజు కూలీ ఉండదు, అడిగేవాడూ ఉండడు. మిగతావాళ్లు నిద్రపోయేవాళ్లు, లేకుంటే మంత్రాలయం పోయి నదిలో మునిగి వచ్చేవాళ్లు. మా ఆయన నట్టింట్లో బండల మీద సుద్దముక్కతో గీతలు గీసేవాడు, నేను కండెల బుట్ట పట్టుకుని గోడవారగా జరిగి కూర్చునేదాన్ని. నేతకు అంచు రావాలంటే మగ్గం పైన డాబీ అనే పెట్టె ఉంటుంది. దానికి చెక్క పట్టీల దండ ఒకటి తిరుగుతుంటుంది. ఆ పట్టీల బెజ్జాల్లో కొయ్య ముల్లు ఎక్కడ గుచ్చితే అక్కడి పోగు పైకి లేస్తుంది. ముల్లు లేనిచోట పోగు కింద ఉండిపోతుంది. అంచంటే అంతే, ఎక్కడ లేవాలి, ఎక్కడ ఉండిపోవాలి. ఆయన తుమ్మ కొయ్య తెచ్చి పట్టీలూ ముళ్లూ ఇంట్లోనే చెక్కాడు. ఒక అమావాస్యకు గుచ్చినవి ఇంకో అమావాస్యకు పీకాడు. బండ మీద నెర్రెలు మరీ తీరుగా వస్తే ఆయనకు నచ్చేవి కావు. "ఇది ముగ్గు మాదిరి ఉండాది, నేల మాదిరి లేదు" అని మళ్లీ మొదటికొచ్చేవాడు. నాకు విసుగొచ్చి వంట మానేసిన రోజులున్నాయి.

చివరికి కుదిరింది. బూడిదరంగు అంచు మీద నల్లటి నెర్రెలు, రెండు నెర్రెలు కలిసిన చోటల్లా ఒక ఎర్ర చుక్క. ఆ చుక్క ఎందుకని అడిగాను.

"గింజ. నెర్రెలో పడింటాది. వానొస్తే మొలుస్తాది."

"రాకుంటే?"

"ఆడనే ఉంటాది."

సావుకారును అడిగి షెడ్డులో తాను నేసే మగ్గానికే ఆ పట్టీల దండ ఎక్కించాడు. మొదటి చీర దిగినప్పుడు సావుకారు దాన్ని వాకిట్లోకి తెచ్చి వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఏం పేరని అడిగాడు. మా ఆయన చెప్పాడు.

"నెర్రెలా? కరువును ఎవురన్నా నడుముకు సుట్టుకుంటారా తమ్ముడా? నీళ్లు పారతాన్నట్ల ఉండాది. గంగ అంచు అందాం."

మా ఆయన నవ్వేశాడు. నిజం చెప్పాలంటే ఆ పేరు వల్లే అమ్ముడుపోయింది. ఆదోని దుకాణాలవాళ్లు మూటలు విప్పకముందే గంగ అంచు ఉందా అని అడిగేవాళ్లట. పేరు సావుకారు పెట్టాడు, అమ్మింది సావుకారు. అది కాదనను.

ఇక్కడ మా వీధి ఆచారం ఒకటి చెప్పాలి. కొత్త రకం ఏది నేసినా మొదటి చీర మా కులదేవత చౌడమ్మ తల్లికి పోవాలి. గుడి పెద్ద ఆ చీరను రెండు చేతుల మీదా పెట్టుకుని తల్లి ముందు నిలబడి "ఎవరింటి చీర?" అని గట్టిగా అడుగుతాడు. ఇచ్చినవాళ్లు "ఫలానావాళ్ల ఇంటి చీర తల్లీ" అని పలుకుతారు. తర్వాతనే ఆ రకం ఊళ్లో అమ్మాలి. పెళ్లిలో కన్యాదానం ఎంతో మాకు అది అంత. అడిగేవాడూ పలికేవాడూ ఏదో పాట పాడుతున్నట్టు అనేస్తారు గానీ, పలికిన మాట మాత్రం వీధిలో నిలబడిపోతుంది.

సావుకారు మా ఇంటికే వచ్చాడు. "మొదటి సీర మా ఇంట్లోనుంచి మేళంతో తీసకపోదాం. తట్ట నువ్వే మోయల్ల తమ్ముడా. నువ్వు గాక ఎవురు మోస్తారు?" అన్నాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. మా ఇంట్లోనుంచి పోవాలంటే మేళం సంగతి దేవుడెరుగు, ముందు ఆ చీర మాదై ఉండాలి. నూలు ఆయనదైతే చీర మాదెట్లా అవుతుంది? ఆ రోజు మా ఇద్దరికీ ఆ ఆలోచనే రాలేదు. కొత్త పంచె కట్టుకుని, చీర ఉన్న తట్ట నెత్తిన పెట్టుకుని, మా ఆయన వీధంతా నడిచాడు. గుడిలో పెద్ద "ఎవరింటి చీర?" అన్నాడు. సావుకారు తన ఇంటిపేరు పలికాడు. మా ఆయన పక్కన నిలబడి చేతులు జోడించాడు. ఆయన కళ్లలో నీళ్లు నేను చూశాను. అవి సంతోషం నీళ్లు.

తర్వాత షెడ్డులో అన్ని మగ్గాలకూ ఆ అంచే ఎక్కింది. పట్టీల దండలు కట్టి, ఎక్కడ ముల్లు గుచ్చాలో మా ఆయనే అందరికీ చూపించాడు. ఆ ఏడే మా నాయన పోయాడు. ఆయన మగ్గం దుమ్ముపట్టి ఉంటే మా అన్న "మీరన్నా తీసకపోండి" అన్నాడు. బండి మీద వేసుకుని తెచ్చుకున్నాం. నట్టింట్లో గుంత తవ్వి నిలబెట్టాం. నూలు మనదే, మగ్గం మనదే, ఇక కూలి నేత వద్దనుకున్నాం. మా ఆయన తాంబూలం పట్టుకుని పోయి సావుకారు దగ్గర మర్యాదగానే సెలవు తీసుకున్నాడు. సావుకారు కూడా వెన్ను తట్టి పంపాడు. సొంత మగ్గం మీద మా ఆయన మొదట నేసింది ఏమిటి? ఇంకేముంటుంది, తన అంచే.

ఆ చీరలు మూటగట్టి ఆదోనికి తీసుకుపోయాడు. దుకాణదారు మూట విప్పి, అంచు చూసి, మూట మళ్లీ కట్టేశాడు. "ఇది ఎమ్మిగనూరు సావుకారి అంచు గదా, నీ దగ్గరికి యాడినుంచి వచ్చింది?" అన్నాడు. సొమ్మొకడిది సోకొకడిది అని పక్కనున్నవాళ్లు నవ్వారట. ఆ సామెత నిజమే. కాకపోతే వాళ్లు దాన్ని తిరగేసి పట్టుకున్నారు.

కబురు మాకంటే ముందు ఎమ్మిగనూరు చేరింది. సావుకారు కుల పెద్దల దగ్గరికి పోయాడు. పంచాయతీ చౌడమ్మ గుడి ముందు అరుగు మీద కూర్చుంది. మా తాలూకా బళ్లారిలో ఉండాలా, కొత్త రాష్ట్రంతో కర్నూలులో కలవాలా అని ఊరంతా తగువులాడుకుంటున్న రోజులవి. పెద్దలు ఆ మాటలు ఆపి మా మాట మొదలుపెట్టారు. ఆడవాళ్లం గుడి పక్కన గోడ నీడలో నిలబడ్డాం.

సావుకారు గొంతు పెంచలేదు. "నేల నాది, గింజ నాది, ఎద్దులు నావి. సేద్యగాడు కూలి తీసుకున్యాడు. పంట ఎవురిదప్పా? ఆయప్ప పనితనం నేను కాదంటానా? నా మగ్గం కింద కూసున్నంత కాలం ఆ పనితనానికే కదా కూలిచ్చింది! రేపు ప్రతోడూ నా షెడ్డులో అంచు నేర్సుకోని ఇంటికాడ నేసుకుంటే, ఇంతమందికి యాడినుంచి అన్నం పెట్టల్ల?"

షెడ్డు నేతగాళ్లు తలలు వంచుకుని కూర్చున్నారు. ముల్లు ఎక్కడ గుచ్చాలో మా ఆయన వేలు పట్టి చూపించినవాళ్లే వాళ్లంతా. ఎవరి కడుపు వాళ్లది.

మా ఆయనకు పదిమందిలో మాట రాదు. అయినా లేచి నిలబడ్డాడు. "అన్నా, నీ నూలుకు నేను లెక్క తప్పల్యా. నీ మగ్గం మీద నేసిన సీరలన్నీ నీవే. కానీ ఆ అంచు నేను షెడ్డులో కూసోని కట్టల్యా. అమాస నాడు మా ఇంట్లో కట్టినా. అమాస పొద్దు నేను ఎవురి కూలోన్నీ కాను" అన్నాడు.

అరుగు మీద కదలిక వచ్చింది. అమావాస్య మాట పెద్దలకు తగిలింది. మగ్గానికే సెలవున్న రోజు మనిషికి సావుకారెట్లా ఉంటాడు? "అది న్యాయమే గదప్పా" అని ఒకాయన అన్నాడు కూడా. మా అంచు మాకు వచ్చేస్తోందని అనుకున్నాను.

అప్పుడు గుడి పెద్ద, చీరను తల్లి ముందు పట్టుకున్న ఆ పెద్దే, అడిగాడు. "మొదటి సీర తల్లికి ఎవురి ఇంట్లోనుంచి వచ్చింది?"

మా ఆయన అబద్ధం చెప్పగలిగిన మనిషైతే ఇదంతా నేను రాయాల్సిన పనే లేదు. "సావుకారన్న ఇంట్లోనుంచి" అన్నాడు.

"తట్ట మోసింది ఎవురు?"

"నేనే."

"నేను తల్లి ముందర ఎవరింటి సీరని అడిగితిని. ఆయప్ప తన ఇంటిపేరు పలికె. నువ్వు పక్కనే ఉంటివి. నోరు తెరిసినావా?"

"లేదు."

"తల్లి ముందర చెప్పని మాట మా ముందర ఎట్ల చెప్తావప్పా?"

ఇక అరుగు మీద ఎవరూ కదలలేదు. నేను ఆగలేకపోయాను. "ఎండలో ఆ నెర్రెల్ని సూసింది ఎవురు? నేను పక్కనే నిలబడి ఉంటి! సావుకారన్న ఒక్కనాడన్నా సేన్లో కాలు పెట్టినాడా?" అని గోడ నీడలోనుంచి అరిచాను. "ఆడమనిషి మాట అరుగు ఎక్కకూడదమ్మా" అన్నారు. నా పక్కనున్న ఆడవాళ్లే నా చెయ్యి పట్టి వెనక్కి లాగారు.

తీర్పు చెప్పారు. ఆ అంచు సావుకారు ఇంటిది. మా ఆయన దాన్ని నేయకూడదు, ఎవరికీ చూపించకూడదు. ఇంట్లో మగ్గానికున్న పట్టీల దండ తెచ్చి అందరి ముందూ ముళ్లు పీకేయాలి. మా ఆయన ఇంటికి పోయి దండ విప్పి భుజాన వేసుకుని తెచ్చాడు. అరుగు కింద కూర్చుని ఒక్కొక్క ముల్లూ పీకాడు. బిగుసుకున్నవాటిని పళ్లతో పీకాడు. సావుకారు తల పక్కకు తిప్పుకున్నాడు. అంతా అయ్యాక గుడి పెద్ద కుప్పను చూసి, "కొయ్య నీదేనప్పా, తీసకపో" అన్నాడు. ఆయన న్యాయంగానే అన్నానని అనుకుని ఉంటాడు. ముళ్లు మావి, అవి ఎక్కడ ఉండాలన్నది మాత్రం సావుకారుది. నేను పోయి కొంగులో పోసుకుని వచ్చాను. మరుసటి పొద్దున కోపం పట్టలేక వాటిని పొయ్యిలో వేశాను. సంగటికి ఎసరు కాగకముందే కాలిపోయాయి.

ఆ తర్వాత మా ఆయన కొంతకాలం అంచు లేని తువ్వాళ్లు నేశాడు. వేరే అంచు కట్టమని నేను పోరాను. ఒకటి రెండు సార్లు సుద్దముక్క తీసుకుని బండ మీద వంగాడు కూడా. "గీసినాక ఎవురిదవుతాదో" అని ముక్క పారేసి లేచేవాడు. తువ్వాళ్లతో ఇల్లు గడవలేదు. నా పుట్టింటి మగ్గాన్ని అమ్మి ఆదోనికి చేరాం. ఆయన పత్తి గింజ తీసే మిల్లులో చేరాడు. నేను అదే మిల్లు వాకిట్లో పత్తి ఏరేదాన్ని. నూలును చేతుల్లో ఆడించిన మనిషి ముక్కులోకి నోట్లోకి దూది పీల్చుకుంటూ రోజంతా యంత్రానికి మేత వేసేవాడు. దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు ఇక దిగలేదు.

ఒకసారి సంత నుంచి వస్తుంటే మా ముందు ఒకామె గంగ అంచు చీర కట్టుకుని నడుస్తోంది. మా ఆయన ఆమె వెనకాలే తలవంచుకుని నడవసాగాడు. జనం ఏమనుకుంటారోనని నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"సూసినావా? మూలలన్నీ గుండ్రంగా తిప్పినారు. గింజ తీసేసినారు. ఇప్పుడు నిజంగానే నీళ్ల మాదిరి ఉండాది" అన్నాడు. కొంచెం దూరం పోయాక, "ఇంక ఆయప్ప అంచే లేమే అది" అన్నాడు. పంచాయతీ నాడు కూడా నేను అంత ఏడవలేదు. నడిబజారులో మూట కింద పెట్టి ఏడ్చాను.

ఆయన పోయింది ఆదోనిలోనే. దినాలకు ఎమ్మిగనూరు నుంచి మా వాళ్లంతా వచ్చారు. దినాల నాడు నన్ను పీట మీద కూర్చోబెట్టి బట్టలు పెడతారు. ఒక్కొక్క చీరా నా ఒళ్లో పెడుతూ ఎవరింటి చీరో పైకి చెప్పడం అక్కడా ఉంది. గుడి పెద్దే వచ్చి నిలబడ్డాడు. పుట్టింటి చీర పెట్టారు, మా మరుదులది పెట్టారు. అప్పుడు సావుకారు ముందుకు వచ్చాడు. బాగా ముసలివాడైపోయాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిజంగానే ఏడ్చినట్టుంది. పాత గుడ్డలో చుట్టిన చీర తీసి నా ఒళ్లో పెట్టాడు.

"తమ్ముడు తన సేత్తో నేసింది తల్లీ. మొదట్లోది. అమ్మడానికి మనసొప్పక దాసిపెట్టినా" అన్నాడు.

మడత విప్పాను. బూడిదరంగు మీద నల్లటి నెర్రెలు. ఒక్క మూలా గుండ్రంగా లేదు. రెండు నెర్రెలు కలిసిన చోటల్లా ఎర్ర చుక్క ఉంది. ఆడనే ఉంది.

"ఎవరింటి చీర?" అని అడిగాడు గుడి పెద్ద.

సావుకారు నోరు తెరిచేలోపలే నేను పలికాను. "మా ఇంటి సీర" అన్నాను. వినపడలేదేమోనని ఇంకా గట్టిగా అన్నాను. "మా ఇంటి సీర తల్లీ!"

గుడి పెద్ద సావుకారు వైపు చూశాడు. సావుకారు నేల చూశాడు. పక్కనున్న మా పెద్దమ్మ నా తలను తన భుజానికి ఆనించుకుని, "ఏం మాట్లాడతాందో దానికే తెలీదప్పా, దుఃఖంలో ఉండాది. మీరు కానీండి" అంది. గుడి పెద్ద సావుకారు ఇంటిపేరు చెప్పి తర్వాతి చీర అందుకున్నాడు.